చెట్టుకి అరవై కాయలు

ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. రాసింది నేనే. కానీ వచ్చిన రోజే నేను అన్న ఒక్క మాటతో ఆ పేరు అక్కడే పడి ఉండిపోయింది, తోటంతా ఆయన్ని పెద్దరైతు అని పిలవడం మొదలుపెట్టింది. నా నోరు అలాంటిది. ఇరవై రెండేళ్ళుగా ఈ దానిమ్మ తోటలో మేస్త్రిగా ఉన్నాను. వరసలు పంచడం, పని చూడడం, తిట్టడం నా ఉద్యోగం. మొదటి రెండూ నేర్చుకోవాల్సి వచ్చింది, మూడోది నాకు పుట్టుకతోనే వచ్చింది.

లారీ దిగినవాళ్ళు ఎవరైనా ముందు గది ఎక్కడ, నీళ్ళు ఎక్కడ అని అడుగుతారు. ఈయన లారీ దిగి, సామాను కూడా దించకుండా, దగ్గర్లో ఉన్న చెట్టు మొదట్లో కూర్చుని గుప్పెడు మట్టి తీసి నలిపి చూశాడు. అప్పుడే అటొచ్చిన మేనేజరుతో, "నీళ్ళు ఎక్కువ పెడుతున్నారు బాబూ. ఇలాగైతే కాయ పగిలిపోతుంది" అన్నాడు. మేనేజరు కుర్రవాడు, చదువుకున్నవాడు. ఎద్దు నోరు విప్పి మాట్లాడితే ఎలా చూస్తారో అలా చూశాడు. నేను ఊరుకోవచ్చు కదా. "పెద్దరైతు దిగాడు. ఇక తోట ఆయనకి అప్పజెప్పి మనం ఇళ్ళకి పోదాం పదండి" అన్నాను. లారీ చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేకపోవడం చూసి నాకు కొంచెం సిగ్గేసింది, కానీ అనేసిన మాట అనేసినట్టే.

వాళ్ళు ముగ్గురు. ఆయన, భార్య, పదిహేడేళ్ళ కూతురు. ఒక రేకు పెట్టె, పరుపు చుట్ట, కిరసనాయిలు స్టవ్వు. భార్య అందరికంటే ఆఖర్న దిగింది. దిగి, లారీ చక్రం పట్టుకుని నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు వినగానే పక్కనున్నవాళ్ళు సామాను సర్దుకునే నెపంతో రెండడుగులు దూరం జరిగారు. నాకు ఒళ్ళు మండింది. దూరం జరిగినవాళ్ళ మీద కాదు, జబ్బు మనిషిని నా నెత్తిన పెట్టిన కాంట్రాక్టరు మీద. మా దగ్గర గదికి ఇద్దరు పనివాళ్ళు ఉండాలి. ఆయనా, కూతురూ ఇద్దరు ఉన్నారు కాబట్టి గది ఇచ్చాను. నా గది పక్కదే ఇచ్చాను, అదొక్కటే ఖాళీ.

ఆ సాయంత్రమే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "మేస్త్రమ్మా, ఇక్కడ ఆస్పత్రి ఎంత దూరం?"

గేటు దాటితే రోడ్డుకి అవతలే అని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. అప్పుడు కూర్చుని సంగతంతా చెప్పాడు. వాళ్ళకి మూడెకరాల మిరప చేను. వరసగా మూడేళ్ళు వాన మొహం చాటేసింది. బావి అడుగంటింది. ఆఖరి ఏడు ఉన్న కాస్త తడితో మొక్కలు పూతకొచ్చాయి. పూత పూసింది, పూసింది పూసినట్టే రాలింది. ఆయన రోజూ పొద్దున వెళ్ళి ఒక్కొక్క మొక్కా వంచి, పిందె నిలబడిందా అని చూసుకునేవాడట. ఎద్దుల్ని అమ్మేసి బయల్దేరారు. ఇటుక బట్టీలో పనిచేస్తుండగా ఆమెకి టీబీ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు మింగాలన్నారు. రెండు నెలలు మింగేసరికి వానలొచ్చి బట్టీ మూసేశారు, వేరే చోటికి పోయారు. అక్కడ మళ్ళీ మొదలుపెట్టి మూడు నెలలయ్యేసరికి కాంట్రాక్టరు ముఠా మొత్తాన్ని లారీ ఎక్కించి చెరకు కోతకి తోలాడు. ఆ చుట్టుపక్కల ఆస్పత్రే లేదు.

"మూడోసారి కూడా మధ్యలో ఆపితే ఇక ఏ మందూ పనిచెయ్యదన్నారమ్మా. మీ తోటలో పూత నుంచి కోత దాకా ఆరు నెలలు పని ఉంటుందని విన్నాను. ఆరు నెలలు మమ్మల్ని ఇక్కణ్ణించి కదపకండి. ఏ పని చెప్తే ఆ పని చేస్తాను. ఆమె బాగైతే మా చేనుకి మేం పోతాం. చేను అమ్మలేదు. అదెక్కడికీ పోదు."

"నా చేతిలో ఏముందయ్యా? పని బాగా చేస్తే ఎవరు పొమ్మంటారు?" అన్నాను. ఆ మాట నేను తేలిగ్గానే అన్నాను.

మర్నాటి నుంచి మాత్రలు మొదలయ్యాయి. ఆస్పత్రి నర్సమ్మ గట్టి మనిషి. మాత్రలు ఇంటికి ఇవ్వదు. తన ఎదురుగా మింగించి, నోరు తెరిపించి చూసి, నీలం కార్డులో ఆ రోజు గడిలో టిక్కు పెడుతుంది. పెద్దరైతు రోజూ పనికి ముందు భార్యని తీసుకెళ్ళి, నర్సమ్మ చూశాక తనూ ఓసారి ఆమె నోట్లోకి తొంగి చూసేవాడు. "పెళ్ళినాడు కూడా మా నాన్న అమ్మ మొహం ఇంత శ్రద్ధగా చూసి ఉండడు" అనేది కూతురు. ఆ పిల్ల నోరు నా నోటికి చెల్లెలు. అందుకే నాకు నచ్చింది.

మొదటి నెల కలుపు తీత, పాదులు సరిచెయ్యడం. ఆ పనిలో ఆయనకి సాటి లేరు. పార పట్టిన తీరే వేరు. నలుగురు చేసే పని ఒక్కడూ చేసేవాడు, చేసి మిగతావాళ్ళ వరసలో కూడా రెండు పాదులు ఊరికే సరిచేసి వచ్చేవాడు. పనిలో ఉండగా ఆకాశం కేసి చూసి, "మా వైపు కూడా ఈ మబ్బు పోతే బాగుండు" అనుకునేవాడు. ఆమె మొదట్లో గదిలోనే ఉండేది. నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది, గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. నన్ను అక్కా అని పిలిచేది. నోట్లో నాలుక లేని మనిషి. ఆ తండ్రికీ ఆ కూతురికీ మధ్య ఎలా నెగ్గుకొచ్చిందో అనుకునేదాన్ని.

ఆ తర్వాత పిందె తెంపే పని వచ్చింది.

తెలియనివాళ్ళకి చెప్పాలి. దానిమ్మ చెట్టు తన శక్తి తెలియకుండా కాస్తుంది. ఒకే గుత్తికి మూడు, నాలుగు. అన్నీ ఉంచితే అన్నీ చిన్నవే అవుతాయి, బయటి దేశాలవాళ్ళు కొనరు. రెండు కాయలు ఆనుకుంటే ఆ సందులో పురుగు గుడ్డు పెడుతుంది. అందుకని నిమ్మకాయంత ఉండగానే కత్తెరతో తీసెయ్యాలి. గుత్తికి ఒకటి, చెట్టుకి అరవై. మంచివి, పచ్చివి, మచ్చ లేనివి నూటికి పైగా నేల రాలాలి. వాటిని గంపల్లోకి ఎత్తి, గట్టు వెనక గుంటలో పోసి మట్టి కప్పాలి. ఒక్కొక్కరికి మూడు వరసలు, వరసకి ఇరవై అయిదు చెట్లు. వరస మొదట్లో పనివాడి నంబరు రాసిన రేకు ముక్క వేలాడుతుంది.

కత్తెర చేతికిచ్చి చూపించాను. ఆయన చూశాడు. "పుచ్చినవి తియ్యాలి, అంతే కదా?" అన్నాడు.

"పుచ్చినవి కాదయ్యా. బాగున్నవే. గుత్తికి ఒకటి ఉంచి మిగతావన్నీ."

"బాగున్నవి ఎందుకమ్మా తియ్యడం?"

చెప్పాను. మళ్ళీ చెప్పాను. తలూపాడు. సాయంత్రం వెళ్ళి చూస్తే ఆయన చెట్ల కింద పది పది పిందెలు కూడా లేవు, ఉన్నవన్నీ పురుగు పట్టినవే. తల ప్రాణం తోకకి వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడు కొంచెం ఎక్కువ రాల్చాడు. పైకి చూస్తే గుత్తికి ఒకటే కనిపించింది. సరే దారికొచ్చాడు అనుకుని వెళ్ళబోతుంటే, పక్క వరసలో ఉన్న కూతురు నవ్వు ఆపుకోలేక, "పెద్దమ్మా, ఆకులు ఎత్తి చూడు" అంది.

ఎత్తి చూశాను. ఆ మహానుభావుడు రెండో కాయని తెంపకుండా కొమ్మ పక్కకి తిప్పి, దాని మీదికి ఆకుల రెమ్మ లాగి కప్పేశాడు. చెట్టు చెట్టునా అదే. పరీక్షలో కాపీ చీటీలు దాచుకునే పిల్లాడికి కూడా అంత ఓపిక ఉండదు.

"సిగ్గులేదా? ఈ వయసులో ఇదేం పని?" అన్నాను.

తల వంచుకుని, "చెయ్యి రావట్లేదమ్మా" అన్నాడు. "ఒక్క పిందె నిలబడమని మూడేళ్ళు దేవుడికి మొక్కినవాణ్ణి. ఇక్కడ నిలబడ్డదాన్ని నేనే తెంపాలంటే ఎలా? ఇది ఎవరిదైతేనేం, కాయ కాయే కదా."

జవాబు దొరకనప్పుడు నాకు కోపం రెట్టింపవుతుంది. "నీ పెళ్ళాం కార్డులో ఇంకా ఎన్ని గళ్ళు ఖాళీ ఉన్నాయో అది చూసుకో ముందు" అని కత్తెర లాక్కుని ఆ చెట్టుకి దాచినవన్నీ నేనే తెంపిపారేశాను. ఆయన అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ మూడు వారాలూ ఇదే తంతు. ఆయన దాచడం, నేను వెతికి తియ్యడం. కూతురు తన వరసలు శుభ్రంగా చేసుకుని, తండ్రి వరసలోకి దూరి కొన్ని తీసేది. ఆయన చూస్తే "తల్లీ, ఊరుకో" అనేవాడు. ఆ పిల్ల ఊరుకునేది. ఒక మూడు రోజులు నేను గట్టిగా కూర్చుని ఆయన వరసలన్నీ మొదటి నుంచీ చూడాలి అనుకున్నాను. చూద్దామని బయల్దేరిన రోజే నర్సమ్మ కబురు పంపింది, పెద్దరైతు భార్య కఫం పరీక్షలో టీబీ పురుగు లేదని వచ్చిందని. రెండు నెలల మందు పనిచేసింది, ఇంకా నాలుగు నెలలు పూర్తిచేస్తే చాలు. ఆ మాట విని పెద్దరైతు తోట మధ్యలో కత్తెర పట్టుకునే ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు. అంత సంతోషంలో ఉన్న మనిషి దగ్గరికి పోయి ఆకులు ఎత్తి చూడడానికి నాకు మనసు రాలేదు. రేపు చూద్దాం అనుకున్నాను. రేపు మరో పని, ఎల్లుండి ఇంకో పని. ఆయన వరసలు బాగానే ఉన్నాయని పుస్తకంలో రాసేశాను. ఈ తోటలో నేను చేసిన తప్పు అదొక్కటే అని చెప్పను, కానీ నన్ను తినేసింది అదే.

కాయ పిడికెడంత అయ్యి ఎర్ర చాయ తిరిగాక ఏ ఆకులు దాస్తాయి? ఏడు వారాల తర్వాత ఒక పొద్దున మేనేజరు ఆ వైపు నడిచాడు. నన్ను పిలిపించాడు. వెళ్ళేసరికి పెద్దరైతు మూడు వరసలూ దూరం నుంచే కనిపిస్తున్నాయి. కొమ్మలు నేలకి వంగిపోయి, గుత్తులు గుత్తులుగా, పెళ్ళికి ముస్తాబు చేసినట్టున్నాయి. చూడడానికి ఎంత అందంగా ఉన్నాయో! తోటలో ఏ చెట్టూ అంత అందంగా లేదు. కానీ ఒక్కొక్క కాయా పక్క చెట్ల కాయల్లో సగం సైజు కూడా లేదు.

"ఎవరివి మేస్త్రమ్మా ఇవి?"

నంబరు రేకు వేలాడుతూనే ఉంది. నేను చెప్పాల్సిన పని లేదు.

"గురువారం కొనేవాళ్ళు వస్తున్నారు. ఇది చూపించమంటారా వాళ్ళకి? రేపు లారీ వస్తుంది, ఆ కుటుంబాన్ని ఎక్కించేసి గది ఖాళీ చేయించండి."

ఎవర్నీ ఏదీ అడగనిదాన్ని, ఆ రోజు అడిగాను. తప్పు నాది, చూడకుండా రాశానన్నాను. ఆయన భార్యకి ఇంకా రెండు నెలల పైన మందు ఉంది, కదిపితే చచ్చిపోతుంది బాబూ అన్నాను. మేనేజరు చెడ్డవాడు కాదు. మంచివాడని కూడా నేను అనలేను. కాసేపు తన చెప్పుల కేసి చూసుకున్నాడు.

"అయితే ఇవాళే తెంపమనండి. చెట్టుకి అరవై. సాయంత్రానికి ఈ మూడు వరసలూ మిగతా తోటలా కనిపించాలి. కనిపిస్తే ఉండమనండి."

ఇప్పుడు తెంపితే మిగిలిన కాయలు పెరగవని అతనికి తెలుసు. నాకూ తెలుసు. ఇదంతా ఆ గుత్తులు కొనేవాళ్ళ కంట పడకుండా ఉండడానికే.

పెద్దరైతుకి చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తన వరసల కేసి చూశాడు. తర్వాత, "ఇంకో రెండు నెలలకి పండేస్తాయి కదమ్మా. చిన్నవైతేనేం, తియ్యగానే ఉంటాయి" అన్నాడు. కూతురు వచ్చి కత్తెర అందుకోబోయింది. "నాన్నా, నువ్వు గదికి పో. నేనూ పెద్దమ్మా చేసేస్తాం."

"నువ్వు ముట్టుకోకు. ఉంచింది నేను. నేనే తీస్తాను."

మొదటి చెట్టుకి చాలాసేపు పట్టింది. ఒక్కొక్క కాయనీ అరచేతిలో పట్టుకుని, కోసి, గంపలో పడెయ్యకుండా వంగి పెట్టేవాడు. ప్రతి కాయకీ ఏదో గొణిగేవాడు. ముళ్ళు గీసుకుని చేతులంతా రక్తం. ఇలా అయితే సాయంత్రానికి ఒక వరస కూడా అవదని నాకు భయం పట్టుకుంది. తొందరపెట్టాను. నేను తొందరపెట్టిన మాటలు ఇప్పుడు రాయాలంటే చెయ్యి రావడం లేదు. నీ పెళ్ళాం బతకాలా, ఈ కాయలు బతకాలా అన్నాను.

ఆ మాటకి ఆయన నా వైపు చూశాడు. తర్వాత మళ్ళీ చెట్టు వైపు తిరిగాడు. గొణుగుడు ఆగిపోయింది. మధ్యాహ్నానికి చెయ్యి తిరిగింది. కాయ పట్టుకోవడం లేదు, కత్తెర అంటించగానే రాలిపోతోంది, గంప నిండిపోతోంది. అన్నానికి రమ్మంటే రాలేదు. రెండున్నర వేలకి పైగా కాయలు తీశాడు ఒక్కడే. కూతురు గంపలు మోసింది. ఆ పిల్ల ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. గుంటలో పోశాక పార తనే తీసుకుని మట్టి కప్పాడు. పొద్దు వాలకముందే పని అయిపోయింది. లెక్క చూశాను. చెట్టుకి అరవై, ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఇంకా ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవయ్యా. అయిపోయాయి."

"వేరేవాళ్ళ వరసల్లో?"

లేవని చెప్పి గదికి పంపించాను.

వాళ్ళు ఉండిపోయారు. ఆమె మాత్రలు ఒక్క రోజు తప్పలేదు. మొహానికి కాస్త కండ పట్టింది, గొంతు లేచింది. ఆయన్ని కసురుకునే స్థితికి కూడా వచ్చింది, ఆ కసురు నా గదిలోకి వినిపిస్తే నేను నవ్వుకునేదాన్ని. ఆయన మాత్రం తక్కువ మాట్లాడేవాడు. పొద్దున భార్యతో ఆస్పత్రికి వెళ్ళేవాడు, పనికి వచ్చేవాడు. మట్టి నలపడం లేదు, పక్కవాళ్ళ పాదులు సరిచెయ్యడం లేదు. మేనేజరుకి ఆయన పని నచ్చింది. రెండో విడత పూతకి వచ్చిన తోట వెనక భాగంలో పిందె తెంపడానికి ఆయన్నే పంపాడు. నేను చూడాల్సిన పనే లేకపోయింది.

కోతలు మొదలైన వారానికి నీలం కార్డులో ఆఖరి గడి నిండింది. నర్సమ్మ కార్డు మీద అడ్డంగా గీత గీసి, "ఇక నా మొహం చూడకు" అంది. ఆమె నర్సమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు. అదే వారంలో ఊరి నుంచి ఆమె తమ్ముడు ఫోను చేశాడు. అటు వానలు పడ్డాయి. బావిలో నీళ్ళు ఊరాయి. విత్తనం నేనిస్తాను, త్వరగా రండి అక్కా అన్నాడు. రెండేళ్ళు దేశాలు పట్టి తిరిగింది ఈ కబురు కోసమే. ఆమె అప్పటికప్పుడు రేకు పెట్టె సర్దడం మొదలుపెట్టింది. కూతురు తోటంతా తిరిగి, "మేం పోతున్నాం, మీరు ఇక్కడే ఉండి మా పెద్దమ్మ తిట్లు తినండి" అని చెప్పి వచ్చింది.

ఆ సాయంత్రం గోడ అవతల నుంచి వాళ్ళ మాటలు విన్నాను. వినకూడదు, కానీ రేకు గోడకి ఆ సంగతి తెలియదు.

"మీరు వెళ్ళండి. కోత అయ్యాక వస్తాను" అన్నాడాయన.

"కోత మనదా? మన విత్తు అదును పోతుంది. నువ్వు లేకుండా ఎవరు వేస్తారు?"

"నువ్వూ, మీ తమ్ముడూ వెయ్యండి."

"ఏమైంది నీకు? ఒంట్లో బాగాలేదా?"

పెట్టె మూత వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొంతు, వేరే ఎవరి గొంతో అన్నట్టుంది. "పిందె కనిపిస్తే చెయ్యి ఆగడం లేదే. నన్ను చేను దగ్గరికి రానివ్వకు. నువ్వే చూసుకో."

ఆమె ఏడుస్తుంటే నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. వెళ్ళి రోడ్డు దాకా నడిచాను. నాకు ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

తల్లీ కూతుళ్ళు లారీ ఎక్కారు. ఆయన పెట్టె అందించాడు, భార్య తన పక్కన చోటు చూపిస్తూనే ఉంది, లారీ కదిలేదాకా చూపిస్తూనే ఉంది. ఆయన దిగువనే నిలబడ్డాడు. గదికి ఇద్దరు ఉండాలి కాబట్టి ఆయన్ని ఒంటరి మగవాళ్ళ షెడ్డులోకి మార్చాను.

ఇది జరిగి రెండేళ్ళు. కోత అయింది, మళ్ళీ పూత వచ్చింది, మళ్ళీ కోత అయింది. ఆయన ఇక్కడే ఉన్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి పిందె ఎలా తెంపాలో చూపించమంటే నేను ఆయన వరసకే పంపిస్తాను. అంత శుభ్రంగా తెంపేవాళ్ళు ఈ తోటలో నాతో సహా ఎవరూ లేరు.

ఆమె నా ఫోనుకి చేస్తూ ఉంటుంది. "ఈ ఏడైనా పంపించక్కా" అంటుంది. ఆయన్ని నేనేం కట్టేశానా అనబోయి ఊరుకుంటాను. పోయిన వారం చేసినప్పుడు గొంతు నిండా సంతోషం. తమ్ముడు ఇచ్చిన విత్తనంతో పత్తి వేసిందట, మూడెకరాలూ పూసిందట, పూసినవన్నీ కాయ కట్టాయట. ఒక్కటీ రాలలేదక్కా, ఆయనకి చెప్పు, ఆ మాట వింటే వచ్చేస్తాడు అంది.

పరుగులాంటి నడకతో ఆయన వరస దగ్గరికి పోయి చెప్పాను. కత్తెర ఆపి విన్నాడు. మొహంలో ఏదో కదిలిందనుకున్నాను.

"ఎన్ని తీసేసిందట?" అని అడిగాడు.

"పత్తికాయ ఎవరైనా తీసేస్తారా పెద్దరైతూ?" అన్నాను.

ఆయన ఆలోచించాడు. నిజంగా గుర్తుకు రావడం లేదన్నట్టు చూశాడు. తర్వాత చెట్టు వైపు తిరిగి పనిలో పడ్డాడు. విని చాలా సంతోషించాడమ్మా అని ఆమెకి ఫోను చేసి చెప్పాను.